ఆరో ఎపిసోడ్ రహస్యాన్ని రెండో ఎపిసోడ్‌కి తెచ్చాం: ఒక రీకట్ కేస్ స్టడీ

చనిపోయిన తమ్ముడి టూల్ బ్యాగ్ నేల మీద తెరిచి ఉంది. అక్క ఒక్కొక్క పనిముట్టూ బయటికి తీసి, ఎదురుగా కూర్చున్న సీనియర్ మెకానిక్‌ని అడుగుతోంది. "ఇదేంటన్నా?" "టెస్టరమ్మా." "ఇది?" "కటింగ్ ప్లేయర్." స్పానర్లు, ఇన్సులేషన్ టేపు, సగం అరిగిన పెన్సిలు. అన్నీ అయ్యాక బ్యాగ్ అడుగున ఆమె చేతికి ఒక ఎర్ర వైరు ముక్క తగులుతుంది. జానెడు పొడవు. "మరి ఇది?" అతను దాన్ని చూస్తాడు. "ఏం లేదమ్మా. వైరు ముక్క."

నాలుగు నిమిషాల సీన్ ఇది. ఆరు ఎపిసోడ్ల సీరీస్‌లో మూడో ఎపిసోడ్ మధ్యలో వస్తుంది. రఫ్ కట్ (తొలి ముసాయిదా ఎడిట్) చూసినవాళ్లు దీని పక్కన రాసింది ఒకటే మాట: ల్యాగ్. మూడు నెలల తర్వాత ఫైనల్ కట్‌లో ఇదే సీన్ ఇంకో ఇరవై సెకన్లు పెరిగింది. అదే టేక్, అవే మాటలు. చూస్తున్నంతసేపూ గదిలో ఒక్కరూ కదల్లేదు. ఆ మూడు నెలల్లో ఏం చేశామో, ఎక్కడ తప్పటడుగు వేశామో ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎడిటర్‌ని. ఈ సీరీస్‌కి మొదటి ఎడిటర్ వేరే ఉన్నారు. షూటింగ్ ముగిసి, రఫ్ కట్ తయారై, "అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఎక్కడో తేడా కొడుతోంది" అన్న దశలో నన్ను పిలిచారు. ఒప్పందం ప్రకారం సీరీస్ పేరు, పాత్రల పేర్లు చెప్పకూడదు. అక్క, తమ్ముడు, సీనియర్ అనే రాస్తాను.

కథ, దాని సీన్ల వరుస

ఇద్దరు లిఫ్ట్ మెకానిక్‌లు ఒక భవనంలో సర్వీసింగ్‌కి వెళతారు. తలుపు తెరిచి ఉంటే లిఫ్ట్ కదలకూడదు, డోర్ లాక్ సర్క్యూట్ ఉండేదే అందుకు. పరీక్ష కోసం సీనియర్ ఆ సర్క్యూట్‌ని ఒక వైరు ముక్కతో బైపాస్ చేస్తాడు. ఇంతలో ఫోన్ వస్తుంది. మాట్లాడుతూ బయటికి వెళతాడు, వైరు సంగతి మరిచిపోతాడు. కుర్రాడు తెరిచిన తలుపు దగ్గర వంగి పని చేసుకుంటుండగా లిఫ్ట్ కదులుతుంది. తనిఖీకి మనుషులు వచ్చేలోపు సీనియర్ ఆ వైరు తీసేస్తాడు. వైరు కనబడలేదు కాబట్టి, అజాగ్రత్త చనిపోయినవాడిదేనని కంపెనీ విచారణలో తేలుస్తారు. తమ్ముడి మీద పడ్డ ఆ మచ్చ తుడిచెయ్యాలని అక్క బయల్దేరుతుంది. ఆమె వెంట ఆఫీసుల చుట్టూ తిరిగేదీ, అర్జీలు రాసిపెట్టేదీ సీనియరే.

స్క్రీన్‌ప్లే ఈ సంగతిని ఆరో ఎపిసోడ్ దాకా దాచింది. అక్కడ సీనియర్ కుప్పకూలి అంతా ఒప్పుకుంటాడు, పదకొండు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌లో మనకు జరిగిందంతా చూపిస్తారు. రాసినవాళ్లు ఆ ట్విస్ట్‌ని ప్రాణంలా చూసుకున్నారు. ఆ ప్రేమను నేను తక్కువ చెయ్యను. సీరీస్ పుట్టిందే దానిలోంచి.

తెలుగులో కథ, కథనం అని రెండు మాటలుండటం మన అదృష్టం. జరిగింది కథ. దాన్ని ఏ వరుసలో, ఎంతెంత మోతాదులో, ఎవరి కళ్లతో చెబుతామన్నది కథనం. 1920లలో ష్క్లోవ్‌స్కీ, తొమషేవ్‌స్కీ వంటి రష్యన్ విమర్శకులు ఇదే తేడాను ఫాబ్యులా, స్యుజెట్ అనే పేర్లతో చర్చించారు. షూటింగ్ అయిపోయాక ఎడిట్ టేబుల్ దగ్గర కథను పెద్దగా కదపలేం. కథనం మాత్రం చివరి రోజు దాకా మన చేతుల్లోనే ఉంటుంది.

చూసినవాళ్లు చెప్పింది, చెప్పనిది

అంతకుముందు ఎవరికీ చూపించని రఫ్ కట్‌ని తొమ్మిది మందికి రెండు రోజుల్లో చూపించాం. మొదటి రెండు ఎపిసోడ్లు బాగున్నాయన్నారు. మూడు నుంచి ల్యాగ్ అన్నారు. ల్యాగ్ అనగానే చేసే పని ట్రిమ్. నాకంటే ముందు పనిచేసినవారు ఒక వెర్షన్‌లో అదే చేసి చూశారు, ఒక్కో ఎపిసోడ్‌లో ఐదారు నిమిషాలు తీసేశారు. ఆ వెర్షన్ ఇంకా బరువుగా నడిచింది. చాలాసార్లు ఇలాగే అవుతుంది. సీన్‌లో చూడ్డానికి ఏమీ లేనప్పుడు దాన్ని చిన్నది చేస్తే, ఏమీ లేని చిన్న సీన్ మిగులుతుంది.

అందుకే నోట్స్ పక్కన పెట్టి, ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య వరండాలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారని అడిగాను. అసలు సంగతి అక్కడ దొరికింది. తొమ్మిది మందిలో ఐదుగురు రెండో ఎపిసోడ్ అయ్యేసరికే సీనియర్‌ని అనుమానించారు. ఆధారాలు చూసి కాదు. "సాయం చేసే మనిషికి ఇంత స్క్రీన్ టైమ్ ఎందుకు ఇస్తున్నారు?" అని. రెండు గంటల సినిమాలో ప్రేక్షకుడికి ఆగి ఆలోచించే వ్యవధి తక్కువ, రహస్యాన్ని పరుగులో దాటించెయ్యొచ్చు. సీరీస్ అలా కాదు. ఎపిసోడ్ ఆగిన ప్రతిసారీ చూసేవాడు ఖాళీగా కూర్చుని లెక్కలు వేస్తాడు, పక్కవాళ్లతో పందెం కాస్తాడు. నాలుగు గంటల నిడివిలో ఐదు విరామాలు దాటి ఒక రహస్యం బతకాలంటే చాలా గట్టిదై ఉండాలి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మిగిలిన నలుగురు. వాళ్లు అనుమానించలేదు. ట్విస్ట్ వాళ్ల మీద పనిచేసింది, ఆరో ఎపిసోడ్‌లో నిజంగానే ఉలిక్కిపడ్డారు. కానీ మూడు, నాలుగు, ఐదు ఎపిసోడ్లలో అందరికంటే ఎక్కువ విసిగిపోయింది కూడా వాళ్లే. ఊహించినవాళ్లకు కనీసం తమ ఊహ నిజమో కాదో తేల్చుకునే పనైనా ఉంది. వీళ్లకు కనబడింది ఒక మంచివాడు, ఒక దుఃఖితురాలు, ఎడతెగని కాగితాలు. ట్విస్ట్ నెగ్గిన చోటే సీరీస్ ఓడిపోతోందంటే జబ్బు ఎక్కడుందో తెలిసినట్టే.

గోడ మీద మూడు గడులు

నేను ప్రతి ప్రాజెక్టులోనూ సీన్ కార్డులు గోడకి అంటిస్తాను. ఈసారి ఒక్కో కార్డు కింద మూడు గడులు గీశాను: ఈ సీన్ ముగిసేసరికి ప్రేక్షకుడికి ఏం తెలుసు, అక్కకు ఏం తెలుసు, సీనియర్‌కి ఏం తెలుసు. కొత్త విషయం తెలిసిన చోట చుక్క పెట్టాను.

మూడో ఎపిసోడ్ మొదలు నుంచి ఐదో ఎపిసోడ్ చివరి దాకా ప్రేక్షకుడి గడి, అక్క గడి అచ్చంగా ఒకేలా ఉన్నాయి. ఆమెకు తెలిసిందే మనకూ తెలుసు. సీనియర్ గడి నిండుగా ఉంది, కానీ ఆ నిండుదనం మనకు కనబడదు. ఆ పాత్ర వేసిన నటుడికి మాత్రం తెలుసు. స్క్రిప్టు చదివే నటించాడు. ప్రతి టేక్‌లోనూ ఆ బరువు మోశాడు. టూల్ బ్యాగ్ సీన్‌లో వైరు చూశాక అతని గొంతు ఒకసారి కదులుతుంది, ఎడమ చేతి వేళ్లు చాప అంచుని పట్టుకుంటాయి. రఫ్ కట్ చూసేవాడికి ఆ వేళ్లను చూడాలని తెలియదు. తెలియడానికి వీలు లేకుండా మనమే చేశాం. ఒక మంచి నటుడి మూడు ఎపిసోడ్ల పని ఎవరికీ కనబడకుండా పోతోంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది.

డైరెక్టర్‌తో మాట్లాడటానికి గోడ ముందు కూర్చున్నాం. రహస్యాన్ని ముందుకు తెద్దామన్నాను. "ట్విస్ట్ తీసేస్తే ఇంకేం మిగులుతుంది మేడమ్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. జవాబుగా రెండు ఉదాహరణలు చెప్పాను.

మొదటిది హిచ్‌కాక్ సినిమా 'వెర్టిగో', 1958. దానికి ఆధారమైన ఫ్రెంచ్ నవలలో రహస్యం చివర్లో బయటపడుతుంది. హిచ్‌కాక్ దాన్ని చాలా ముందే ప్రేక్షకుడికి చెప్పేశాడు, హీరోకి మాత్రం చెప్పలేదు. తన చుట్టూ ఉన్నవాళ్లందరూ ఈ మార్పు వద్దన్నారని ఆయనే ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణల్లో అన్నాడు. ఆ సంభాషణల్లోనే బల్ల కింద బాంబు పోలిక కూడా ఉంది. బాంబు ఉన్నట్టు మనకు తెలియకుండా పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు, ముందే తెలిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. మా దగ్గర పదిహేను నిమిషాలు కాదు, మూడు ఎపిసోడ్లు ఉన్నాయి. టీవీలోనూ ఇది కొత్త కాదు. 1971లో డిటెక్టివ్ సీరీస్‌గా మొదలైన 'కొలంబో' మామూలుగా హంతకుడిని ఎపిసోడ్ మొదట్లోనే చూపించేస్తుంది.

రెండోది ఇంకా దగ్గరిది. కర్ణుడు కుంతి కొడుకని భారతం మనకు ఆదిపర్వంలోనే చెప్పేస్తుంది. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కర్ణుడు అర్జునుడికి ఎదురు నిలిచినప్పుడు కుంతి మూర్ఛపోతుంది. ఎందుకో మనకు తెలుసు, ఎదురెదురుగా నిలిచిన ఆ ఇద్దరికీ తెలియదు. కర్ణుడికి ఉద్యోగపర్వంలో తెలుస్తుంది. ధర్మరాజుకు యుద్ధమంతా ముగిశాక, తర్పణాల వేళ, స్త్రీపర్వంలో తెలుస్తుంది. అదే రహస్యాన్ని మననుంచి కూడా స్త్రీపర్వం దాకా దాచి ఉంటే, కర్ణుడి రథం కుంగిన చోట మనకు కలిగే బాధలో సగం ఉండేది కాదు. "కాబట్టి రహస్యం ఉండాలి, అక్కకు తెలియకూడదు. మనకు తెలియాలి," అన్నాను. డైరెక్టర్ చాలాసేపు గోడ చూశాడు. వారం టైమిస్తానన్నాడు.

మొదటి ప్రయత్నం ఎందుకు చెడింది

ఉత్సాహంలో రహస్యాన్ని మొదటి ఎపిసోడ్ చివరికి తెచ్చేశాను. అది నా తప్పు. అప్పటికి ప్రేక్షకుడు సీనియర్‌ని ఇరవై నిమిషాలైనా చూడలేదు. కుర్రాడికి పని నేర్పింది అతనేనని, శవాన్ని షాఫ్ట్‌లోంచి పైకి మోసింది అతనేనని, ఆ రాత్రి అక్క ఇంటి మెట్ల మీద తెల్లవారేదాకా కూర్చుంది అతనేనని మనకు తెలిసేది రెండో ఎపిసోడ్‌లో. అవేవీ చూడకముందే వైరు చూపిస్తే అతను విలన్ అయిపోయాడు. రెండో ఎపిసోడ్‌లో అతని ప్రతి మంచి పనీ నటనలా కనబడింది. కొత్తగా చూసిన ఒకరు "ఇంత దుర్మార్గుడా!" అన్నారు. ఆ మాటతో ఆ వెర్షన్ చచ్చిపోయింది. ముందు ఆ మనిషిని ఇష్టపడాలి, ఆ తర్వాతే తెలియాలి.

రెండో ఎపిసోడ్ చివరికి మార్చాను. మెట్ల మీద కూర్చున్న సీన్ అయ్యాక, తెల్లవారుజామున అతను ఇంటికి నడిచి వెళ్లే ఒక పొడుగు షాట్ ఉంది. దాని మీదనుంచే ఫ్లాష్‌బ్యాక్‌లోని ఒక్క ముక్కకి కట్ చేశాను: కంట్రోల్ ప్యానెల్, టెర్మినల్ స్క్రూ వదులు చేస్తున్న వేళ్లు, ఎర్ర వైరు బయటికి రావడం, పిడికిలి మూసుకోవడం. పదకొండు నిమిషాల్లో ముప్ఫై సెకన్లు. మాటల్లేవు, సంగీతం లేదు. ప్యానెల్ హమ్ ఒక్కటే ఉంచాం.

ఇక్కడో చిక్కు వచ్చింది. షూట్ చేసినదాంట్లో అతను ఆ తర్వాత వైరుని చెత్తలో పారేస్తాడు. వైరు పోతే దాంతోపాటు టెన్షన్ కూడా పోతుంది. అది ఇంకా ఎక్కడో ఉండాలి, ఏ క్షణంలోనైనా బయటపడేలా ఉండాలి. అందుకని పిడికిలి మూసుకున్న ఫ్రేమ్ దగ్గర ఆపేసి, ఒక పూట ప్యాచ్ వర్క్ (షూటింగ్ అయ్యాక కావాల్సిన ముక్కలు తీసుకోవడం) అడిగాం. పర్సులో కాగితాల వెనక వైరు మడిచి పెట్టుకునే ఇన్సర్ట్ షాట్. నటుడు అందుబాటులో లేడు, వేరే చేతులతో తీశాం. కంటిన్యుటీ చూసే అమ్మాయి పాత స్టిల్స్ వెతికి, అసలు చేతి బొటనవేలి గోరు మీద నల్లటి మచ్చ మేకప్ ఉందని పట్టుకుంది. ఆ మచ్చ లేకుండా తీసి ఉంటే షాట్ దండగయ్యేది. ఈ సీరీస్ మొత్తానికి మేం కొత్తగా తీసింది ఆ ఒక్క షాటే.

ఆ తర్వాత టూల్ బ్యాగ్ సీన్ మళ్లీ వేసి చూశాం. ఒక్క ఫ్రేమ్ ముట్టుకోకుండానే సీన్ మారిపోయింది. 1920 ప్రాంతంలో రష్యన్ దర్శకుడు కులెషోవ్ ఒకే ముఖాన్ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఒక స్త్రీ పక్కన పెడితే చూసినవాళ్లకు వేర్వేరు భావాలు కనబడ్డాయని చెబుతారు. అది పక్కపక్క షాట్ల మధ్య జరిగే సంగతి. ఒక ఎపిసోడ్ అవతల ఉన్న షాట్ కూడా అదే పని చేస్తుందని ఆ రోజు కళ్లారా చూశాను. ఆమె బ్యాగ్‌లో చెయ్యి పెట్టినప్పుడల్లా అందరి కళ్లూ అతని జేబు మీదికి పోతున్నాయి. "ఇదేంటన్నా?" అన్న ప్రతి ప్రశ్నకూ గుండె ఆగుతోంది. బ్యాగ్‌లోంచి అలాంటిదే ఇంకో వైరు ముక్క బయటపడ్డాక "ఏం లేదమ్మా" అనడానికి ముందు నటుడు తీసుకున్న విరామాన్ని మొదటి ఎడిట్‌లో కోసేశారు. రషెస్‌లోంచి, అంటే ఎడిట్ చెయ్యని ముడి ఫుటేజ్‌లోంచి, దాన్ని వెనక్కి తెచ్చాను. పెరిగిన ఇరవై సెకన్లలో ఎక్కువ భాగం అదే. కవరేజ్, అంటే సీన్‌ని ఏ కోణం నుంచి చూపాలన్నది, కూడా తిప్పాను. ఇంతకుముందు సీన్ అక్క క్లోజప్‌ల మీద నడిచేది. ఇప్పుడు ఆమె భుజం మీదనుంచి అతన్ని చూపే సజెషన్ షాట్‌లోనే ఎక్కువసేపు ఉంటాం. ఆమె ముఖం కనబడదు, ఆమె చేతిలోని వైరు, దాని వెనక అతని ముఖం కనబడతాయి.

అక్క అమాయకురాలై కూర్చుంది

ఒకటి బాగుపడితే ఇంకొకటి చెడుతుంది. మనకు తెలిసింది ఆమెకు తెలియకపోయేసరికి, నాలుగో ఎపిసోడ్‌కల్లా ప్రేక్షకుడికి ఆమె మీద విసుగు మొదలైంది. "ఇంత కళ్ల ముందు కనబడుతుంటే తెలుసుకోదేం?" అన్నారు. పాత్రకంటే ప్రేక్షకుడికి ఎక్కువ తెలిసిన ప్రతి కథలోనూ ఈ గుంట ఉంటుంది. దాన్ని పూడ్చకపోతే జాలి కాస్తా చులకన అయిపోతుంది.

పూడ్చే మట్టి మా దగ్గరే ఉంది. విచారణ జరిగిన వారానికే, అప్పుల ఒత్తిడిలో, తప్పు తమ్ముడిదేనని ఒప్పుకుంటూ అక్క కంపెనీ కాగితం మీద సంతకం చేసి డబ్బు తీసుకుంది. ఈ సీన్ వరుస ప్రకారం మొదటి ఎపిసోడ్‌లోనే ఉండేది, చూసినవాళ్లెవరికీ గుర్తు కూడా లేదు. దాన్ని అక్కణ్ణుంచి ఎత్తేసి నాలుగో ఎపిసోడ్ చివర పెట్టాను. అప్పటిదాకా అన్నీ మనకే తెలుసనుకుంటున్న ప్రేక్షకుడికి ఒక్కసారిగా కాళ్ల కింద నేల కదిలింది. ఆమె కూడా దాస్తోంది. అతని దగ్గరా దాస్తోంది, మన దగ్గరా దాచింది. తమ్ముడి పేరు కోసం ఆమె ఎందుకంత పిచ్చిగా తిరుగుతోందో అప్పుడు అర్థమైంది. ఆమె తుడుచుకుంటున్న మచ్చలో తన వేలిముద్ర కూడా ఉంది. గోడ మీద మూడు గడులూ మూడు రకాలుగా నిండాయి. అమాయకురాలన్న మాట మళ్లీ వినబడలేదు.

ఆరో ఎపిసోడ్‌లో ఇప్పుడు ఏముండాలి

రహస్యం పోయాక చివరి ఎపిసోడ్ బోలుగా మిగిలింది. ఒప్పుకోలు ప్రసంగం, ఫ్లాష్‌బ్యాక్, అన్నీ ప్రేక్షకుడికి తెలిసినవే. మొత్తం తీసేశాను. ప్రశ్న ఇప్పుడు 'ఎవరు' కాదు. 'ఆమెకు ఎలా తెలుస్తుంది, తెలిశాక ఆ మనిషిని ఎలా చూస్తుంది.' ఐదో ఎపిసోడ్‌లో తనిఖీ అధికారి, ప్యానెల్‌లో వైరు దొరకలేదు కానీ టెర్మినల్ స్క్రూ మీద కొత్త గీతలున్నాయని యథాలాపంగా అంటాడు. ఆ మాట తర్వాత ఆమె ముఖం మీద ఇంకో నాలుగు సెకన్లు ఆగాను. ఏమీ అనదు. చాలు.

ఆరో ఎపిసోడ్‌లో ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చున్న సీన్‌లో ఆమె వెనకనుంచి తీసిన ఒక షాట్ దొరికింది. అసలు అది లైటింగ్ సరిచూసుకోవడానికి రోల్ చేసింది. ఆమె వీపు కనబడుతోంది, పెదాలు కనబడవు కాబట్టి ఏ మాటైనా పెట్టొచ్చు. రైటర్‌ని పిలిచి ఒక్క వాక్యం అడిగాను. నాలుగు రాసుకొచ్చాడు, మూడు పొడుగ్గా ఉన్నాయి. నాలుగోది డబ్బింగ్‌లో పెట్టాం: "ఆ వైరు ఎక్కడుందన్నా?" అతను చాలాసేపు కదలకుండా కూర్చున్న షాట్ ఒకటి, పర్సు తీసి బల్ల మీద పెట్టిన షాట్ ఒకటి వేరే సీన్లలోంచి తెచ్చాం. అతను ఒక్క మాట కూడా మాట్లాడడు. పదకొండు నిమిషాలు చెప్పాల్సినదంతా పర్సు బల్లకు తగిలిన చప్పుడులో వచ్చేసింది. ఫోలీలో (ఇలాంటి చప్పుళ్లను విడిగా సృష్టించి రికార్డు చేసే పని) ఆ చప్పుడు కోసం మూడు రకాల తోలు మార్చి చూశాం.

అన్నీ కుదిరాయని చెప్పను. నాలుగో ఎపిసోడ్‌లో తనిఖీ అధికారి ఇంటి గొడవలు ఇప్పటికీ బరువే. ఆ పాయలో ఎవరూ ఎవరి దగ్గరా ఏదీ దాయడం లేదు కాబట్టి నా గడులు అక్కడ నాకేం సాయం చెయ్యలేదు. పూర్తిగా తీసేస్తే ఐదో ఎపిసోడ్‌లో అతను అనే స్క్రూ మాటకు పునాది ఉండదు. ఆరు నిమిషాలకు కుదించి వదిలేశాను. రీరికార్డింగ్‌లో కూడా ఒక పోరాటం నడిచింది. పాత సంగీతం సీనియర్ కనబడ్డప్పుడల్లా ఆప్యాయంగా వచ్చేది. కొత్త కట్‌కి సంగీత దర్శకుడు భయం వినిపించే బాణీ తెచ్చాడు. వద్దన్నాం. భయం ప్రేక్షకుడి దగ్గర ఎలాగూ ఉంది, అక్కకు తెలిసింది ఆప్యాయతే. పాత బాణీనే ఉంచమన్నాం, అది ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది.

చివరి వారం డబ్బింగ్ థియేటర్‌లో 'అన్నా' అన్న పిలుపులన్నీ వరుసగా పెట్టి విన్నాం. రఫ్ కట్‌లో అవి ఉత్త పిలుపులు. ఇప్పుడు ప్రతి ఒక్కటీ అతనికి ఎక్కడ గుచ్చుకుంటుందో ప్రేక్షకుడికి తెలుసు. రెండు చోట్ల, ఐదో ఎపిసోడ్ మొదట్లో, ఆమె గొంతులో కొంచెం కరుకుదనం ఉంది. సెట్లో ఆ రోజు నటి ఎందుకో అలా పలికింది. పాత కట్‌లో ఎవరికీ పట్టలేదు. కొత్త కట్‌లో మాత్రం, స్క్రూ మాట రాకముందే ఆమెకు తెలిసిపోయిందనిపిస్తోంది. నటిని మళ్లీ పిలిపించి, ఆ రెండు 'అన్నా'లనూ నమ్మకంగా, మెత్తగా చెప్పించాం. పదిహేడో టేక్‌కి కుదిరింది.